ఏకాహానికి సరిపడా దూషణ

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి. మీటింగు హాల్లో పెద్ద స్పీకరు పెట్టించడం. కమిటీ సభ్యులు చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెప్పించడం. ‘చితిపొగ’ అనే బృందం కొత్తగా తెచ్చిన ఆల్బమ్‌ని ముందు నేనే ఒకసారి విని, ఎక్కడెక్కడ దేవుణ్ణి తిట్టారో గుర్తు పెట్టడం. ఆ తిట్టు ఏ మతం దేవుడికి తగులుతుందో పక్కన రాయడం. దేవుడి మీద నమ్మకం ఉన్నవారిని ఒకరిని, లేనివారిని ఒకరిని పిలిపించి ఇద్దరికీ ఒకే రకం కుర్చీలు వేయడం. అధికారి గారికి చక్కెర లేని టీ చెప్పడం.

నేను జిల్లా సాంస్కృతిక అనుమతుల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. మా జిల్లాలో పదిమంది కలిసి బహిరంగంగా పాడాలంటే, మైకు ఉన్నా లేకపోయినా, మా ఆఫీసు అనుమతి కావాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లినవాళ్లలో నేనే మొదటివాణ్ని. రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు చేయడమే ఉద్యోగమని నమ్మినవాణ్ని. కాబట్టి ఆల్బమ్ శ్రద్ధగా విన్నాను.

దాని పేరు ‘ఆరిన దీపాల ఊరు’. అది బ్లాక్ మెటల్ అనే రకం సంగీతమట. గిటార్లూ డ్రమ్ములూ రేకుల కప్పు మీద వడగళ్లలా పడుతూ ఉంటాయి. వాటి మధ్య నుంచి ఒక మనిషి గొంతు చించుకుని చీకటి గురించి, చావు గురించి, దేవుడి మీద కోపం గురించి చెబుతాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు తలనొప్పి వచ్చింది. రెండోసారి పెళ్లిలో బాజాల పక్కన కూర్చున్నట్టు అనిపించింది. మూడోసారి ‘గంట కొట్టకు’ అనే పాటకి నా కాలు దానంతటదే ఆడింది. ఈ చివరి సంగతి నేను రిపోర్టులో రాయలేదు.

మా అధికారి త్రివిక్రమరావు గారు. న్యాయం అంటే ఆయనకు ప్రాణం. త్రాసులో చీమ ఎక్కినా రెండో పళ్లెంలోకి ఇంకో చీమని వెతికే మనిషి. కమిటీలో నమ్మకం ఉన్నవారి తరఫున రామమందిరం అర్చకులు అప్పలాచార్యులు గారు, లేనివారి తరఫున హేతువాద సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు ముకుందరావు గారు కూర్చున్నారు. ఎదురుగా చితిపొగ గాయకుడు దుర్గాప్రసాద్ నిలబడ్డాడు. స్టేజి మీద ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ మసి పూసుకునే ఆ మనిషి పగలు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“సదరు బృందానికీ దేవుడికీ మధ్య గల పూర్వ విభేదాలు ఏమిటి?” అని త్రివిక్రమరావు గారు అడిగారు.

“అలాంటివేం లేవండి,” అన్నాడు దుర్గాప్రసాద్. “ఈ మ్యూజిక్కే అలా ఉంటాదండి. బైటి దేశాల్లో చర్చిల మీద పాడతారండి. మనకి ఊరి నిండా గుళ్లు కదండీ, అందుకని.”

“వ్యక్తిగత కక్ష లేనట్టు నమోదు చేయండి.”

నేను నమోదు చేశాను.

“నీ పేరులోనే దుర్గమ్మ తల్లి ఉంది కదయ్యా,” అన్నారు ఆచార్యులు గారు.

“అది మా అమ్మ పెట్టిందండి. స్టేజి మీద నా పేరు శవదీపం.”

“ఇంటిదగ్గర ఆవిడ ఏమని పిలుస్తుంది?”

“పెసాదూ అంటాదండి.”

నిషేధిస్తే ఈ కుర్రాళ్లు కోర్టుకి వెళతారు. అనుమతిస్తే భక్తులు ఊరేగింపుగా మా ఆఫీసుకి వస్తారు. త్రివిక్రమరావు గారు చక్కెర లేని టీ తాగుతూ చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఆయన చెబుతుంటే నేను రాసుకున్నదే సమతుల్యతా నిబంధన. “బహిరంగ కార్యక్రమంలో ఎంత నిడివి గల దైవదూషణ జరుగునో, అంతే నిడివి గల దైవస్తుతి అదే వేదికపై జరుపవలెను. సమతుల్యత పూర్తికానిచో సదరు కార్యక్రమము జరగనట్టుగానే పరిగణించబడును.”

దుర్గాప్రసాద్ వాళ్ల గోడ అవతలి ఇల్లు గండి సన్యాసమ్మ గారిది. వీధిలో భజన బృందం ఆవిడది. స్తుతి పాడడానికి రమ్మని ఆవిడని వెళ్లి అడిగాడు. ఎందుకు ఏమిటి అని ఆవిడ అడగలేదట. “మైకు మీదేనా?” అని మాత్రం అడిగిందట.

ఆ ఆదివారం టౌన్‌హాల్లో చితిపొగ అరగంటసేపు దేవుడు లేడని అరిచింది. తర్వాత సన్యాసమ్మ గారి బృందం అరగంటసేపు ఉన్నాడని పాడింది. కుర్రాళ్ల కోసం వచ్చినవాళ్లు భజనకి కూర్చున్నారు. భజన కోసం వచ్చిన ఆడవాళ్లు అంతకుముందే ముందు వరస ఆక్రమించారు కాబట్టి, మిగతాది కూడా విన్నారు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. పై అధికారులు మా అధికారిని మెచ్చుకున్నారు. పక్క జిల్లా వాళ్లు నిబంధన నకలు పట్టుకెళ్లారు.

అక్కడితో ఆగిపోవలసింది. కానీ ముకుందరావు మాస్టారు ఒక అర్జీ పట్టుకొచ్చారు.

“దూషణకి స్తుతి జోడించమన్నారు, బాగానే ఉంది. మరి స్తుతికి దూషణ ఎందుకు జోడించరు? సమీకరణానికి ఒక వైపే గుణించి రెండోవైపు వదిలేస్తే నేను ఆరో తరగతి పిల్లాడికి కూడా సున్నా వేస్తాను.”

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ముఖం చూస్తే ఎవరో ఆయన ఇంట్లోనే దొంగతనం బయటపెట్టినట్టుంది.

“ఇంతకాలం ఒక పళ్లెంతో తూచాం,” అన్నారు నాతో. “సవరించండి.”

సవరించాను. ఆ మర్నాటి నుంచి మా ఊళ్లో దేవుడి పాట ఎంతసేపు మోగితే దేవుడి మీద తిట్టు అంతసేపు మోగాలి. జిల్లా మొత్తంలో తిట్టడానికి అనుమతి ఉన్న బృందం ఒక్కటే.

చితిపొగకి ఊపిరాడలేదు. తెల్లారగానే రామమందిరం మేలుకొలుపు తర్వాత ఒక దఫా. పది గంటలకి శంకుస్థాపనలో ప్రార్థనాగీతం తర్వాత ఒకటి. సాయంత్రం అయ్యప్ప పడిపూజ దగ్గర ఇంకొకటి. పెళ్లి మేళం వాళ్లలా ముహూర్తాలు చూసుకుని ముందుగా మాట తీసుకోవలసి వచ్చింది. కుర్రాళ్లు ముఖాలకి రంగు కడుక్కోవడం మానేశారు. ఆ రంగుతోనే దుర్గాప్రసాద్ ఇళ్లకెళ్లి ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. పిల్లలు మొదట జడుసుకున్నారు, తర్వాత ఐస్ గడ్డలు అడిగారు.

గుళ్లో అరిచిన తర్వాత ఆచార్యులు గారు వాళ్లకి దొన్నెల్లో పులిహోర పెట్టేవారు. ఒకరోజు ఆయన స్వయంగా మా ఆఫీసుకి ఫిర్యాదుకి వచ్చారు.

“ఏవిటండీ ఈ కుర్రాళ్లు. నిన్న పావుగంట ఆలస్యంగా వచ్చారు. ‘గంట కొట్టకు’ పాటలో రెండో చరణం పూర్తిగా మింగేశారు. భక్తులు అడుగుతున్నారు. తిట్టేదేదో శుద్ధిగా తిట్టాలి కదా.”

త్రివిక్రమరావు గారు చితిపొగకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. “దూషణయందు అశ్రద్ధ” అని విషయం కింద రాయించారు.

అలాంటి రోజుల్లో సన్యాసమ్మ గారు మా ఆఫీసుకి వచ్చారు. వెంట భర్త సూర్నారాయణ గారు ఉన్నారు. ఆయన మెడకి తువ్వాలు చుట్టుకుని ఉంది. చేతిలో చిడతలు. ఆవిడ ఏకాహానికి అనుమతి అడిగారు. ఏకాహమంటే ఇరవై నాలుగు గంటలు ఎడతెగకుండా సాగే రామభజన. అఖండ దీపం వెలిగించి, ఊరూరి బృందాలు వంతులు వేసుకుని పాడతాయి. చివర హారతి ఇస్తేనే మొక్కు తీరినట్టు.

“ఏం మొక్కమ్మా?” అని అడిగాను.

“మా ముసిలోడికి గొంతులో పుండు లేసినాది బాబూ. పెద్దాసుపట్లో కోసీసినారు. బతకడన్నారు. బతికితే ఏకాహం సేయిస్తానని రాముడితో అన్నాను. బతికినాడు.” ఆవిడ భర్త వైపు చూసింది. “మాటే పోయినాది.”

సూర్నారాయణ గారు నవ్వుతూ చిడతలు ఒకసారి మోగించారు. అది నమస్కారమని ఆవిడ చెప్పింది.

త్రివిక్రమరావు గారికి విషయం విన్నవించాను. ఆయన నిజంగా బాధపడ్డారు. బాధపడుతూనే లెక్క వేశారు. “ఇరవై నాలుగు గంటల స్తుతికి ఇరవై నాలుగు గంటల దూషణ. అది కూడా అఖండంగా. అది పూర్తయ్యేవరకు హారతి ఇవ్వరాదు. ఆలయానికి ఒక ప్రతి పంపండి.”

నేను బయటికొచ్చి ఆవిడకి వివరించాను.

“నాను మొక్కింది పొగడతానని బాబూ. తిట్టిస్తానని కాదు.”

“నిబంధన అమ్మా. మధ్యలో ఆగిపోతే మీ ఏకాహం జరగనట్టే లెక్క.”

“జరగనట్టే అంటే ఏటి? మావు పాడింది ఆ రాముడు ఇన్నాడా నేదా?”

దానికి మా దగ్గర ఏ నిబంధనా లేదు. ఆ మాటే చెప్పాను.

“మొక్కు తీరకపోతే ఆడు ఈయన్ని మళ్లీ అడుగుతాడు,” అంది నెమ్మదిగా. “ఆ బయం నాది. సరే. మా పెసాదు ఉన్నాడు. ఆడే తిడతాడు.”

ఏకాహం శనివారం తెల్లారి మొదలై ఆదివారం తెల్లారి ముగిసింది. చుట్టుపక్కల ఊళ్ల బృందాలన్నీ వచ్చాయి. సూర్నారాయణ గారు దీపం పక్కన కూర్చుని, తినడానికి తప్ప చిడతలు ఆపలేదు. మందిరం ముందు షామియానా కింద మా కమిటీకి మూడు కుర్చీలు. భజన ఆగగానే ఆచార్యులు గారు హారతి పళ్లెంలో కర్పూరం పెట్టారు కానీ వెలిగించలేదు. త్రివిక్రమరావు గారు చేతి గడియారం చూసి, “దూషణ ప్రారంభించండి,” అన్నారు.

ఇక్కడొక సంగతి ఎవరూ ఆలోచించలేదు. పొగడ్డానికి ఊరూరా బృందాలున్నాయి. తిట్టడానికి గొంతు ఒక్కటే. అది కూడా నెల రోజులుగా రోజుకి నాలుగు దఫాలు చిరిగిన గొంతు. ‘పైన ఎవరూ లేరు’ పాడాడు. ‘హుండీలో చీకటి’ పాడాడు. ఆల్బమ్ అయిపోతే మళ్లీ మొదటి నుంచి పాడాడు. మధ్యాహ్నమయ్యేసరికి దుర్గాప్రసాద్ నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. గిటార్లు సాగుతున్నాయి గానీ తిట్టు లేదు.

“వాద్యమును దూషణగా పరిగణించుటకు వీలులేదు,” అన్నారు త్రివిక్రమరావు గారు. “ఐదు నిమిషాల వ్యవధి ఇస్తున్నాను.”

సూర్నారాయణ గారు లేచి వెళ్లి, రొంటిన దోపుకున్న కరక్కాయ ముక్క తీసి ఆ కుర్రాడి బుగ్గలో పెట్టారు. నమలొద్దు, చప్పరించు అని చేత్తో చూపించారు. దుర్గాప్రసాద్ కళ్లలో నీళ్లొచ్చి ముఖం మీది మసి కారింది.

“పిన్నీ, నా వల్ల కాదే,” అని గుసగుసగా అన్నాడు. “నువ్వేటి అనుకోకు.”

“నిన్నేటి అనుకుంటాను,” అంది సన్యాసమ్మ గారు. “ఆ మైకు ఇలగియ్యి.”

ఆవిడ దీపం ఎదురుగా నిలబడింది. వత్తి ఒకసారి ఎగదోసింది. తర్వాత మామూలుగా, పక్కింటివాడితో మాట్లాడినట్టు మొదలుపెట్టింది.

“ఏవిరా రామా. నీకు నానేటి తక్కువ సేసినాను. పేణం ఇయ్యమని అడిగినాను. ఇచ్చినావు, కాదన్ను. గొంతెందుకు తీసీసుకున్నావు? నలబై ఏళ్లు నీ పేరే పాడిన గొంతది. ఇనబుద్ది కాకపోతే సెవులు మూసుకోలేకపోయావా. ఉప్పు కావాలంటే సెయ్యి సూపిస్తాడు. మంచినీళ్లు కావాలంటే సెంబు సూపిస్తాడు. నన్ను పేరెట్టి పిలిసి ఎన్నాళ్లయినాదో నువ్వే సెప్పు. నీకూ ఉన్నాది కదా పెళ్లాం. దాని పేరు నీ నోట్లోంచి రాకుండా సేస్తే అప్పుడు తెలుస్తాది నీకు.”

సూర్నారాయణ గారు ఆవిడ మాటలకి తగ్గట్టు చిడతలు వేయడం మొదలుపెట్టారు. తిట్టు తాళంలో పడింది. ఆవిడకి రొప్పు వచ్చాక ఇంకొకావిడ మైకు అందుకుని, మంచుకి మాడిపోయిన జీడిపూత గురించి రాముణ్ణి నిలదీసింది. మూడో ఆవిడ చెరువుగట్టు దగ్గర ఆపకుండా పోయే బస్సుని కూడా ఆయన ఖాతాలోనే వేసింది. భజన బృందాలన్నీ మళ్లీ వరస కట్టాయి. డ్రమ్ముల కుర్రాడు మెల్లగా వాళ్లతో కలిశాడు. దుర్గాప్రసాద్ కరక్కాయ చప్పరిస్తూ నోరు తెరుచుకుని విన్నాడు. ఆ జోరు చూస్తే ఇరవై నాలుగు గంటలు కాదు, వారం సాగేలా ఉంది.

అప్పుడు ముకుందరావు మాస్టారు చెయ్యెత్తారు.

“అభ్యంతరం. లేడనుకున్నవాణ్ణి ఎవరూ ఇంతసేపు తిట్టరు. అడుగడుగునా వీళ్లు ఆయన ఉన్నాడని రుజువు చేస్తున్నారు. ఇది భక్తి. మా సంఘం తరఫున దీన్ని దూషణగా ఒప్పుకోను.”

“నేనూ అదే అనబోతున్నాను,” అన్నారు ఆచార్యులు గారు. “ఇంత చనువుగా మాట్లాడడం నాకే చేతకాదు. ఇది స్తుతి కిందికే వస్తుంది.”

ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి. త్రివిక్రమరావు గారు నా వైపు తిరిగారు. “మధ్యాహ్నం నుంచి జరిగినది స్తుతిగా నమోదు చేయండి. స్తుతి పెరిగింది కనుక చేయవలసిన దూషణ కూడా ఆ మేరకు పెరిగింది.”

నమోదు చేశాను. వాళ్లు తిట్టినకొద్దీ బాకీ పెరుగుతోంది.

“ఇంకొకటి,” అన్నారు ఆచార్యులు గారు. “పొద్దున్న ఈ అబ్బాయి పైన ఎవరూ లేరన్నాడు. ఎవరూ లేని ఇంటి ముందు నిలబడి తిడితే ఆ తిట్టు ఎవరికి తగిలినట్టు?”

“ఎవరికీ తగల్లేదు,” అన్నారు మాస్టారు వెంటనే. “అది దూషణ కాదు, సమాచారం.”

దాంతో పొద్దుటి లెక్క కూడా పోయింది. దూషణ సున్నా. పక్క జిల్లా నుంచి అర్హులైన దూషకులను డిప్యుటేషన్ మీద రప్పించే విషయం త్రివిక్రమరావు గారు ఆలోచించసాగారు. అసలు అర్హత ఏమిటంటే, దేవుడు ఉన్నాడని నమ్మాలి, నమ్మి కూడా ఆయన్ని లెక్కచేయకూడదు. అలాంటి మనిషి జిల్లాలో ఎవరున్నారో వాకబు చేయమని నాకు చెప్పారు.

పొద్దు వాలుతోంది. దీపంలో నూనె పోస్తూనే ఉన్నారు. సన్యాసమ్మ గారు పళ్లెంలోని కర్పూరం వైపు చూసి, “పంతులుగారూ, ఇచ్చీండి బాబూ హారతి. ముసిలోడు కూకోలేకపోతన్నాడు,” అంది.

ఆచార్యులు గారి చెయ్యి అగ్గిపెట్టె మీదికి వెళ్లింది. త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచి మైకు లాక్కున్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“వీల్లేదు. సాక్షాత్తూ ఆ శ్రీరామచంద్రమూర్తే దిగివచ్చి అడిగినా సరే, నా సంతకం లేనిదే ఇక్కడ హారతి వెలగడానికి వీల్లేదు. ఈ ప్రాంగణంలో అంతిమ అధికారం ఆయనది కాదు, నాది.”

ఆచార్యులు గారు రెండు చెవులూ మూసుకున్నారు. మాస్టారు లేచి నిలబడ్డారు.

“నమ్మకం ఉంది,” అన్నారు మాస్టారు. “లెక్కలేనితనం కూడా ఉంది. నేను ఒప్పుకుంటున్నాను. ఇది దూషణ.”

“నిస్సందేహంగా,” అన్నారు ఆచార్యులు గారు చెవుల మీద చేతులు తీయకుండానే.

కమిటీ ఏకగ్రీవమైతే అధికారి కాదనడానికి లేదు. ఆ నిబంధన ఆయన రాసిందే. నేను సమయం నమోదు చేసుకున్నాను.

“నేను దూషించలేదు,” అన్నారు త్రివిక్రమరావు గారు మైకులోనే. “ఉన్న నిబంధన చెబుతున్నాను. వినండి. దైవ సంబంధమైన సమస్త కార్యక్రమములును సదరు అధికారి విచక్షణకు లోబడి ఉండవలెను.” ఇద్దరు సభ్యులూ తలూపారు. “ఆయా దేవతల స్తుతి ఎంతమేరకు అవసరమో నిర్ణయించు అధికారము సదరు అధికారికి కలదు.” మళ్లీ తలూపారు. తాను తప్పు చేయలేదని నిరూపించడానికి ఆయన ఒక్కొక్క నిబంధనా, దాని ఉపనిబంధనలూ, వాటి సవరణలూ చదువుకుంటూ పోయారు. చదివినకొద్దీ దూషణ జమ అవుతోంది. మేం రాసుకున్న నిబంధనలు ఎన్ని ఉన్నాయో నాకు ఆ రోజే తెలిసింది.

డ్రమ్ముల కుర్రాడు ఆయన వెనక వాయించడం మొదలుపెట్టాడు. గిటార్లు కలిశాయి. మైకు పట్టుకున్న ఆయన గొంతు బొంగురుపోయేకొద్దీ ఆ సంగీతానికి అతికినట్టు సరిపోయింది. జనం ఇళ్లకెళ్లి భోజనాలు చేసి మళ్లీ వచ్చారు. సోమవారం రాత్రి బాగా పొద్దుపోయి ఆయన అనుబంధం దగ్గరికి వచ్చేసరికి, బాకీతో సహా లెక్క సరిపోయిందని నేను లేచి చెప్పాను. ఆయన చదవడం ఆపి, ఫైలు మూసి, సంతకం చేశారు. తప్పు చేశానని ఆయన అనుకోలేదు. సమతుల్యత సాధించాననే అనుకున్నారు.

“మా నెక్స్ట్ ఆల్బమ్‌లో ఇది ఆఖరి పాటగా పెట్టుకోవచ్చాండి?” అని దుర్గాప్రసాద్ అడిగాడు. ఇంత చీకటి తను ఎప్పుడూ వినలేదన్నాడు. అర్జీ పెట్టుకోమన్నాను.

హారతి వెలిగింది. సూర్నారాయణ గారు రెండు చేతులూ మంట మీద పెట్టి కళ్లకద్దుకున్నారు. ఆయన పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. సన్యాసమ్మ గారు దేవుడి వైపు చూడలేదు, ఆ పెదాల వైపే చూస్తూ నిలబడింది. ఏమన్నాడని పక్కనున్నావిడ అడిగింది. “నా పేరే,” అంది.

ఈ మొత్తం వ్యవహారం మీద మా ఆఫీసు నివేదిక పైకి వెళ్లింది. రాసింది నేనే. జిల్లాలో ధ్రువీకరించిన ఏకైక దైవదూషణ కింద మా అధికారి పేరుంది. స్తుతి కింద బృందాల సంఖ్య ఉంది. మొగుడి గొంతు కోసం దేవుణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగిన మనిషి పేరు రాయడానికి నివేదికలో ఏ గడీ లేదు, అందుకని రాయలేకపోయాను. ఆమె పేరు గండి సన్యాసమ్మ. మీరైనా గుర్తుంచుకోండి.